కాంతితోఁ జదువఁబడు బిళ్లలు: పాతకంప్యూటర్లయందు వాని పఠనవిచారము

శ్రీకాకుళమునకుఁ జేరువనున్న అరసవల్లి సూర్యదేవాలయమున మార్చి, అక్టోబరు మాసములలోఁ గొన్ని దినములు ప్రాతఃకాలమున సూర్యకిరణములు ద్వారములగుండఁ బ్రవేశించి గర్భాలయమునందలి స్వామి పాదములను దాఁకును. తక్కిన దినములలోను సూర్యుఁ డుదయించుచునే యున్నాఁడు. విగ్రహమును అక్కడనే యున్నది. కిరణము వచ్చు మార్గము కుదిరిననే కాని స్పర్శ కలుగదు. కాంతితోఁ జదువఁబడు సీడీ, డీవీడీ బిళ్లల విషయమునను ఇట్టి స్థితియే కలదు. బిళ్లమీఁది వ్రాఁత చెక్కుచెదరక యుండవచ్చును. చదువు యంత్రమును మంచిదియే కావచ్చును. ఐనను రెంటి నడుమ మార్గము కుదురనిచో నొక యక్షరమైనను గనఁబడదు.

గడచిన శతాబ్దపు తుదిదశకము మొదలుకొని సుమారు 20 సంవత్సరములపాటు శాసనముల నకళ్లు, తాళపత్రముల ఛాయాచిత్రములు, నిఘంటువులు, పాతపత్రికల పుటలు మున్నగువానిని భద్రపఱచుటకు ఈ బిళ్లలు విరివిగా వాడఁబడెను. అట్టి బిళ్లను నేఁడు బీరువానుండి తీసి, పాఠశాలయందో గ్రంథాలయమునందో మిగిలియున్న పాతకంప్యూటరులోఁ బెట్టఁగా నది తెఱవఁబడకపోవుట తఱచు. చూచినవారు బిళ్ల చెడినదని నిశ్చయించి దానిని బాఱవేయుదురు. ఆ బిళ్లయందే యొక గ్రంథముయొక్క యేకైకప్రతి యున్నయెడల ఆ నిశ్చయముతో గ్రంథమును నశించును. ఈ నిశ్చయము పెక్కుతావుల సరియైనది కాదు. బిళ్ల తెఱవఁబడకుండుటకుఁ గారణములు వేఱువేఱు మెట్టులయం దుండును. ఏ మెట్టున నాటంకము కలిగినదో యెఱుఁగక బిళ్లను దూషించుట యనుచితము. ఆ మెట్టులను విడఁదీసి చూపుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

శాసనపరిశోధకులకు ఈ విచారము క్రొత్తది కాదు. శ్రీముఖలింగమున మధుకేశ్వరాలయపు శిలలపై నున్న వ్రాఁతలు లిపి నెఱుఁగనివారికి వట్టి గీఁతలుగానే తోఁచును. ఆ ప్రాంతముననే 1863లో జన్మించిన గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు ప్రాచీనలిపులను స్వయముగా నభ్యసించి ఆ శాసనములను జదివిరి. వారు చదువుటకు ముందును దరువాతను శిల యొక్కటియే. మాఱినది చదువువారి యెఱుక. ఇందు సీడీ శిలవంటిది, డ్రైవు కన్నువంటిది, ఆపరేటింగు సిస్టము లిపి నెఱిఁగిన పండితునివంటిది. తన కాలమునకుఁ బిమ్మటఁ బుట్టిన లిపిని ఆ పండితుఁడు చదువలేకుండుట శిలయొక్క దోషము కాదు.

1. కాంతి

మొదటిమెట్టు కన్ను. సీడీ 1982లో సంగీతముకొఱకు విపణికి వచ్చినది; ఫిలిప్సు, సోనీ సంస్థలు దానిని గూడి నిర్మించినవి. గ్రామఫోను పలకమీఁది గీఁత వెలుపలి యంచునుండి లోనికిఁ బోవును. సీడీమీఁది సుడిగీఁత లోపలినుండి వెలుపలికిఁ బోవును. ఆ గీఁత చుట్లనడుమ దూరము 1.6 మైక్రానులు, అనఁగా మిల్లీమీటరులో వేయింట 1.6 భాగము. గీఁతలోని గుంటలమీఁదను మిట్టలమీఁదను 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల లేజరుకాంతి పడి ప్రతిఫలించును. ప్రతిఫలించిన కాంతి హెచ్చుతగ్గులే యక్షరములగును.

డీవీడీ 1996లో జపానునందు మొదట విక్రయింపఁబడెను. దాని వ్యాసము సీడీవలెనే 120 మిల్లీమీటర్లు, మందమును 1.2 మిల్లీమీటర్లే. చూపునకు రెండును ఒక్కటియే. కాని డీవీడీయందు సుడిగీఁత చుట్లనడుమ దూరము 0.74 మైక్రాను, చదువు కాంతి 650 నానోమీటర్లది, వ్రాఁతపొర 0.6 మిల్లీమీటరు లోఁతుననే యుండును. కాఁబట్టి సీడీని మాత్రమే చదువు పాతడ్రైవులో డీవీడీని బెట్టినచో అది కొంతసేపు తిరిగి, బిళ్ల లేదనియే చెప్పును. 2006లో వచ్చిన బ్లూరే బిళ్లకు 405 నానోమీటర్ల కాంతి వలయును. దానిని డీవీడీడ్రైవు చదువలేదు. బిళ్లల రూపసామ్యము ఈ భ్రాంతికి మూలము.

సీడీలలోనే మరల మూఁడు జాతులు కలవు. కార్ఖానాలో నచ్చొత్తఁబడినది మొదటిది. ఒక్కమాఱు వ్రాయఁదగిన సీడీ-ఆర్ రెండవది. అందు నిజమైన గుంటలు లేవు, రంగుపొర కాంతిచేఁ గమిలి గుంటలవలెఁ బ్రవర్తించును. చెఱిపి వ్రాయఁదగిన సీడీ-ఆర్‌డబ్ల్యూ మూఁడవది. అచ్చొత్తిన సీడీ తనపైఁ బడిన కాంతిలో నూటికి 70 వంతులకుఁ దక్కువ గాకుండఁ దిరిగి పంపును. సీడీ-ఆర్‌డబ్ల్యూ సుమారు 15 మొదలు 25 వంతులు మాత్రమే పంపును. అందుచేత ఆ మందకాంతిని గ్రహింపలేని తొలినాళ్ల డ్రైవులకు ఈ మూఁడవజాతి బిళ్ల శూన్యముగాఁ దోఁచును. ఇట్లే 650 నానోమీటర్ల లేజరు మాత్రమే గల తొలి డీవీడీయంత్రములు కొన్ని సీడీ-ఆర్‌ను జదువలేకపోయెను. దాని రంగుపొర 780 నానోమీటర్ల కాంతికిఁ దగినది కాని ఆ యెఱ్ఱకాంతికిఁ దగినది కాదు. మసి పూయని తాటియాకుమీఁది గంటపువ్రాఁత యున్నను గనఁబడనట్లే ఈ స్థితి.

2. ముగింపు

రెండవమెట్టు వ్రాఁతయొక్క ముగింపు. సీడీ-ఆర్‌పై నొకేమాఱు సమస్తమును వ్రాయవలయునను నియమము లేదు. నేఁడు కొంత, ఱేపు కొంత వ్రాయవచ్చును. ఒక్కొక్క వ్రాఁతకు సెషను అని పేరు. ప్రతి సెషనును ముగించి మూసినప్పుడే దాని ప్రారంభమున విషయసూచిక స్థిరముగా నిలుచును. మూయని సెషనును వ్రాసిన డ్రైవే చదువఁగలుగును. పెఱడ్రైవులు పెక్కులు దానిని గుర్తింపవు. తాటియాకు కట్టకుఁ ద్రాడు వేయక, పైపలక పెట్టక యుంచినట్లు అది యసంపూర్ణముగా నుండును.

మఱియొక చిక్కు గలదు. 1992లో ఫొటోసీడీ ప్రచారమునకు వచ్చువఱకుఁ జేయఁబడిన డ్రైవులలోఁ బెక్కింటికి మొదటి సెషను మాత్రమే తెలియును. అట్టి డ్రైవులో మూఁడు సెషనుల బిళ్లను బెట్టినచో మొదటిదినమున వ్రాసిన ఫైళ్లు మాత్రమే కనఁబడును. తక్కిన రెండుదినముల కృషి లేనట్లే తోఁచును. దీనికి విపర్యాసముగా, వ్రాసినవాఁడు రెండవ సెషనును మొదటిదానితో సంధింపక వ్రాసినచోఁ గ్రొత్తడ్రైవు కడపటి సెషనును మాత్రమే చూపును, మొదటిది మఱుఁగుపడును. రెండింటను నష్టమైనది వ్రాఁత కాదు, సూచిక.

3. కూర్పు

మూఁడవమెట్టు ఫైళ్ల కూర్పు. ఆపరేటింగు సిస్టముల భేదము ప్రధానముగా నిచ్చటనే పొడసూపును. సీడీపై సమాచారము ఖండములుగా విభజింపఁబడును. ఒక్కొక్క ఖండమున 2352 బైట్లుండఁగా నందు 2048 బైట్లు చదువరి సమాచారము. తక్కినవి గుఱుతులకును దప్పుల సవరణకును నుద్దేశింపఁబడినవి. 80 నిమిషముల సీడీయందు 3,60,000 ఖండములు, అనఁగా 73,72,80,000 బైట్లు పట్టును. ఈ యపారమైన వరుసలో నే ఫైలు ఏ ఖండమున మొదలగునో తెలుపు పద్ధతియే కూర్పు. కట్టనుండి విడిపోయి, యాకులసంఖ్యలు తెలియని తాళపత్రగ్రంథమున నక్షరములన్నియు నున్నను గ్రంథము లేనట్లే. కూర్పు తెలియని ఆపరేటింగు సిస్టమునకు సీడీ యట్టిదే.

తొలుత నొక్కొక్క సంస్థ తనకుఁ దోఁచినట్లు కూర్పు చేయుచుండెను. 1985లో అమెరికాయందలి నెవాడా రాష్ట్రమున హై సియెర్రా అను వసతిగృహమున నిర్మాతలు సమావేశమై యొక్కపద్ధతి నాలోచించిరి. ఆ పద్ధతికి ఆ గృహముపేరే నిలిచినది. దానిని సంస్కరించి అంతర్జాతీయ ప్రమాణసంస్థ 1988లో ఐఎస్‌ఓ 9660 అను ప్రమాణమును వెలువరించెను. ఈ ప్రమాణమున మొదటి 16 ఖండములు, అనఁగా 0 మొదలు 15 వఱకు, విడిచిపెట్టఁబడును. 16వ సంఖ్యగల ఖండమున బిళ్లయొక్క వివరము మొదలగును. అందు సీ, డీ, సున్న, సున్న, ఒకటి అను నైదు చిహ్నము లుండును. గ్రంథారంభమున "శ్రీ" కారమును జూచినట్లు పాత ఆపరేటింగు సిస్టము ఆ యైదు చిహ్నములను జూచి, బిళ్లను దనదిగా గుర్తించును. డాస్ అను ఆపరేటింగు సిస్టమునకు ఎమ్మెస్‌సీడెక్స్ అను నుపకరణము ఈ పనిని జేసెడిది. అది లేనిచో డాస్‌నకు సీడీడ్రైవు ఉన్నట్లే తెలియదు.

కాలక్రమమున ఐఎస్‌ఓ 9660 చాలదని తోఁచి, 1995లో యూడీఎఫ్ అను మఱియొక కూర్పు ప్రకటింపఁబడెను. డీవీడీలకును మాటిమాటికి వ్రాయఁదగిన బిళ్లలకును అది యనుకూలము. దాని యాధారసూచిక సాధారణముగా 256వ సంఖ్యగల ఖండమున నుండును. 16వ ఖండమున సీడీ చిహ్నములను మాత్రమే వెదకు పాతపద్ధతికి అది గోచరింపదు. అంతియకాక యూడీఎఫ్ కొక్క రూపమే లేదు: 1.02, 1.50, 2.00, 2.01, 2.50, 2.60 అని క్రమముగా సంస్కరణములు వెలువడినవి. విండోస్ 95నకు యూడీఎఫ్ తెలియదు. విండోస్ 98నకు 1.02 తెలియును. విండోస్ 2000 దానితోపాటు 1.50ను జదువును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ 2.01 వఱకుఁ జదువును. విండోస్ విస్టాయు, 2009లో వచ్చిన విండోస్ 7ను 2.60 వఱకుఁ జదువఁగలవు. ఈ పట్టికను దృష్టియం దుంచుకొన్నచోఁ బెక్కుచిక్కులు తమంతఁ దామే విడివడును.

ఇందుల కొక యుదాహరణము చాలును. విస్టాయందును విండోస్ 7నందును ఖాళీబిళ్లను బెట్టినపుడు, దానిని పెన్‌డ్రైవువలె వాడుదురా, లేక సీడీ డీవీడీ యంత్రములకుఁ దగినట్లు వ్రాయుదురా యని ప్రశ్న వచ్చును. మొదటిదానిని వరించినచో యంత్రము యూడీఎఫ్ 2.01 పద్ధతిని వ్రాయును. ఆ బిళ్ల విండోస్ 98నందును విండోస్ 2000నందును దెఱవఁబడదు. వ్రాసినవాఁడు వినయముగాఁ బని ముగించి బిళ్లను బంపెను. పుచ్చుకొన్నవాఁడు ఖాళీబిళ్ల పంపినాఁడని నొచ్చుకొనెను. ఇరువురును నిర్దోషులే.

రెండుకూర్పులను నొకేబిళ్లపై వ్రాయుటయుఁ గలదు. దీనికి వారధికూర్పు అను నర్థమిచ్చు పేరున్నది. పాతయంత్రము ఐఎస్‌ఓ భాగమును, క్రొత్తయంత్రము యూడీఎఫ్ భాగమును జూచును. ఐతే రెండుభాగములును ఒకే ఫైళ్లను జూపవలయునను నిర్బంధము లేదు. విస్టా, విండోస్ 7ల స్థాపనకై మైక్రోసాఫ్టు సంస్థ యిచ్చిన డీవీడీల ఐఎస్‌ఓ భాగమున నొక చిన్నఫైలు మాత్రమే యుండును. ఈ బిళ్లకు యూడీఎఫ్ నెఱిఁగిన ఆపరేటింగు సిస్టము కావలయునని యందు వ్రాయఁబడియుండును. లోపల వందలకొలఁది ఫైళ్లున్నను పాతకంప్యూటరునకు ఆ హెచ్చరిక యొక్కటియే దృశ్యము. బిళ్లలో నొక్క ఫైలు మాత్రమే కనఁబడినప్పుడు తక్కినవి లేవని తలంపరాదనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్య మక్కఱలేదు.

4. నామము

నాలవమెట్టు ఫైళ్ల పేరులు. తెలుఁగు పండితులకు విశేషముగా బాధకమైనది ఇదియే. ఐఎస్‌ఓ 9660 ప్రథమశ్రేణియందు ఫైలుపేరు 8 చిహ్నములను, దానిపై జాతిని దెలుపు తోఁక 3 చిహ్నములను మీఱరాదు. ఆ చిహ్నములును రోమనులిపిలోని 26 పెద్దయక్షరములు, 10 అంకెలు, అడుగుగీఁత మాత్రమే. తెలుఁగక్షరమునకు అందుఁ బ్రవేశము లేదు. రోమనులిపిలో వ్రాసినను అరసవల్లి యను పేరు పట్టదు; దానికి 10 అక్షరములు వలయును. శ్రీకాకుళమునకును పదియే. శ్రీముఖలింగమునుండి "శ్రీ" తీసివేసినను 11. శ్రీకూర్మమునకు 9 అక్షరములు కాఁగా నొక్కటి యధికము. కళింగపు క్షేత్రములలో నీ నాలుగింటిలో నొక్కటియు ఆ యెనిమిదింటి చట్టములో నిముడలేదు.

దీనివలని హాని పేరు తునుఁగుటతో ముగియదు. అరసవల్లి శాసనములు, అరసవల్లి స్థలపురాణము, అరసవల్లి ఉత్సవములు అను మూఁడు ఫైళ్లను వ్రాసినారనుకొందురు గాక. మూఁడును మొదటి యెనిమిది యక్షరములలో నొక్కటియే యగును. అప్పుడు వ్రాయు ఉపకరణము తుది యక్షరములను దీసి అంకెలను జేర్చి వానిని వేఱుపఱచును. డాస్ మీఁదఁ జూచువానికి ఏ యంకె శాసనమో, ఏది పురాణమో తెలియదు. ఒక ఫైలులో మఱియొక ఫైలును బేరుపెట్టి సూచించి యున్నయెడల ఆ సంబంధమును దెగిపోవును.

ఈ కొఱఁతను దీర్చుటకు మైక్రోసాఫ్టు 1995లో విండోస్ 95తోపాటు జోలియట్ అను ననుబంధమును జేసెను. అందు ఐఎస్‌ఓ సూచికకుఁ దోడుగా రెండవసూచిక యుండును. దానిలోఁ బేరు 64 సంకేతముల వఱకుఁ బోవచ్చును. ఒక్కొక్క సంకేతమునకు రెండు బైట్లు. యూనికోడు పట్టికలోని యేలిపియైన నందుఁ జెల్లును. తెలుఁగునకు 1991లో వెలువడిన మొదటి యూనికోడు కూర్పుననే 3072 మొదలు 3199 వఱకు 128 స్థానములు కేటాయింపఁబడినవి. అరసవల్లి యను పేరు చూపున కైదక్షరములు. లెక్కకు ఎనిమిది సంకేతములు, ఏలయన ద్విత్వలకారమునకు రెండు లకారములును, నడుమఁ బొల్లును, తుద నిత్వమును వేఱువేఱుగా లెక్కింపఁబడును. ఈ లెక్కను 64 సంకేతములలో నిట్టి యక్షరములు సుమారు 40 పట్టును. గ్రంథనామములకు ఇది చాలును.

కాని జోలియట్ సూచిక తెలుఁగును మోయఁగలిగినంతమాత్రమునఁ జదువు ఆపరేటింగు సిస్టము తెలుఁగును జూపఁగలదని కాదు. విండోస్ 95, 98లు పేరులను లోపల రోమను మున్నగు లిపుల చిన్నపట్టికలలోనికి మార్చి చూపునవి. అందుఁ దెలుఁగు లేదు. కాఁబట్టి తెలుఁగుపేరులు పోల్చుకొన రాని గుఱుతులుగా మాఱును. విండోస్ ఎక్స్‌పీ యూనికోడును దెలిసినదే. గౌతమి యను తెలుఁగు ఫాంటును దానితో వచ్చెను. ఐనను సంకీర్ణలిపులకు సంబంధించిన ఫైళ్లను భాషావ్యవస్థలో విడిగా స్థాపించిననే కాని దాని తెలుఁగు సరిగా రాదు. స్థాపింపని యంత్రమునఁ బేరులు గళ్లుగాఁ గనఁబడును. ఆ గళ్లను జూచి ఫైలు చెడినదనుకొనుట మఱియొక భ్రాంతి.

5. లిపి

ఐదవమెట్టు ఫైలులోని వ్రాఁత. ఇందు దోషము బిళ్లది కాదు, కూర్పుది కాదు. ఫైలు తెఱవఁబడును; పుట నిండ రోమనక్షరములును, విచిత్రచిహ్నములును గనఁబడును. యూనికోడు వ్యాప్తికి రాకముందు తెలుఁగు ముద్రణకై చేయఁబడిన ఫాంటులలోఁ బెక్కులు రోమనక్షరముల స్థానముల నాక్రమించి, యందుఁ దలకట్టును, గుడిని, వత్తును, అక్షరపుమొండెమును ముక్కలుగా నిలిపికొన్నవి. ఒక్కొక్క నిర్మాత యొక్కొక్క క్రమము నవలంబించెను. ఆ ఫాంటు యంత్రమున నున్నప్పుడే యా ముక్కలు తెలుఁగుగాఁ గూడును; లేనిచో నడుగున నున్న రోమనక్షరములు బయటఁబడును. 1991లో భారతీయప్రమాణముగా వెలువడిన ఇస్కీ పద్ధతి దేశభాషలన్నింటికి నొకేక్రమము నేర్పఱచినను, అచ్చుకూటములు ఫాంటుల వెంటనే పోయినవి.

ఈ విషయమున 2005వ సంవత్సరము స్మరింపఁదగినది. భారతప్రభుత్వపు భాషాసాంకేతిక కార్యక్రమమున సీడాక్ సంస్థ సిద్ధపఱచిన తెలుఁగు సీడీ ఆ యేఁడు వెలువడి యుచితముగాఁ బంచఁబడెను. అందుఁ దెలుఁగు ఫాంటులు, తెలుఁగు వ్రాయుటకుఁ దగిన కీబోర్డు ఉపకరణములు, తెలిఁగింపఁబడిన కార్యాలయ ప్రోగ్రాములు నుండెను. ఇట్టి బిళ్లను నేఁడు తెఱచినచో నందలి భాగములు వేఱువేఱు రీతులఁ బ్రవర్తించును. ఫాంటు వట్టి యక్షరరూపముల సంపుటము గాన నిప్పటి యంత్రమునను బనిచేయును. ప్రోగ్రాము మాత్రము తాను బుట్టిన కాలపు ఆపరేటింగు సిస్టము నపేక్షించును. కాఁబట్టి యొక బిళ్లలోఁ గొంత పనిచేసి కొంత చేయకుండుట చూచి బిళ్లకు దోష మంటఁగట్టరాదు. పాతకంప్యూటరును దొందరపడి పాఱవేయరాదనుటకును ఇదియే హేతువు. పాతఫాంటులలోఁ గూర్చిన గ్రంథమును యథాతథముగాఁ జూపుటకు ఆ ఫాంటును, ఆ ప్రోగ్రామును గలిగిన యా పాతయంత్రమే యొక్కొక్కప్పుడు శరణ్యము.

6. నిర్ణయము

పై యైదుమెట్టులను గుర్తించినచో లక్షణమునుబట్టి కారణమును జెప్పవచ్చును. డ్రైవు కొంతసేపు తిరిగి బిళ్ల లేదని చెప్పినచోఁ గాంతిమెట్టునఁ గాని ముగింపునఁ గాని చిక్కున్నది. ఆ బిళ్లను సీడీ, డీవీడీ జాతులనన్నింటిని జదువు క్రొత్తడ్రైవులోఁ జూడవలయును. కొన్ని ఫైళ్లు కనఁబడి కొన్ని కనఁబడనిచో సెషనులను శంకింపవలయును. బిళ్ల గుర్తింపఁబడి ఖాళీగానో, ఒక్క హెచ్చరికఫైలుతోనో కనఁబడినచోఁ గూర్పు కారణము. పేరులు తునిఁగియో గళ్లుగానో యున్నచో జోలియట్‌నకును భాషావ్యవస్థకును సంబంధించినది. ఫైలు తెఱచిన తరువాత రోమనక్షరములు నిండినచో ఫాంటు లోపము. ఇవి యేవియుఁ గాక, ఒక ఫైలు సగమువఱకుఁ జదివి నిలిచిపోయినప్పుడును, డ్రైవు మాటిమాటికి వేగము తగ్గించి మరల ప్రయత్నించినప్పుడును మాత్రమే బిళ్ల నిజముగా గాయపడినదని శంకింపఁదగును.

ఈ సందర్భమున నొక యపాయము చెప్పవలసియున్నది. చెఱిపి వ్రాయఁదగిన బిళ్లయొక్క కూర్పును బోల్పలేని యంత్రము దానిని ఖాళీబిళ్లగా భావించి, వ్రాఁతకు సిద్ధము చేయవలయునా యని యడుగవచ్చును. తొందరపడి యవునన్నచో నంతవఱకు నున్న గ్రంథము చెఱిఁగిపోవును. చదువలేని యంత్రమున నెన్నఁడును ఆ ప్రశ్నకు సమ్మతి నీయరాదు. లిపి తెలియనివాఁడు శాసనశిలను నున్నగాఁ జెక్కించినట్లగును.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. పాతయంత్రముతో నీ ప్రయాస మేల, క్రొత్తకంప్యూటరు కొనినఁ జాలదా యని. చాలదు. నేఁటి చేతికంప్యూటర్లలోఁ బెక్కింటికి బిళ్లడ్రైవే లేదు. యూఎస్‌బీ తీఁగతోఁ దగిలింపఁదగిన వెలుపలి డ్రైవును విడిగాఁ దెచ్చుకొనవలయును. పాతదానికిఁ గూర్పు తెలియదు. క్రొత్తదానికిఁ గన్ను లేదు. రెంటిని గూర్చినప్పుడే కార్యము సిద్ధించును. వెలుపలి డీవీడీడ్రైవును గ్రొత్తకంప్యూటరునకుఁ దగిలించి, లినక్సు వంటి ఆపరేటింగు సిస్టమునఁ జూచినచో ఐఎస్‌ఓ, జోలియట్, యూడీఎఫ్ కూర్పులు సాధారణముగాఁ దెఱవఁబడును. తెఱవఁబడిన వెంటనే ఫైళ్లను విడివిడిగాఁ గాక, సాధ్యమైనచో బిళ్ల మొత్తమును ఖండక్రమమున నొకే ప్రతిబింబముగా హార్డుడిస్కుపైకి నెత్తుకొనవలయును. అట్లు చేసినచోఁ గూర్పును, పేరులును, సూచికలును మూలమునం దున్నట్లే నిలుచును. శిలాశాసనమునకుఁ గాగితముపై నచ్చు తీసినట్టిది ఈ ప్రతిబింబము. పాఠనిర్ణయము తరువాత నెమ్మదిగాఁ జేసికొనవచ్చును.

మరల పాతకంప్యూటర్లకొఱకు బిళ్ల వ్రాయవలసినప్పుడు కొన్ని నియమములు పాటింపఁదగినవి. ఒక్కమాఱు వ్రాయఁదగిన సీడీ-ఆర్‌ను వాడవలయును. సమస్తము నొకే సెషనున వ్రాసి మూయవలయును. ఐఎస్‌ఓ 9660 ప్రథమశ్రేణిని, దానికిఁ దోడు జోలియట్‌ను నిలుపవలయును. ఫైళ్లకు గ్రంథనామములు పెట్టక, తాళపత్రభాండాగారములలోఁ గట్టకట్టకు సంఖ్య వేసినట్లు, ఎనిమిదింటికి మించని యంకెలతోఁ బేరులు పెట్టి, ఏ సంఖ్య యే గ్రంథమో తెలుపు సూచికఫైలు నొక్కదానిని మొదటఁ జేర్పవలయును. ఆ సూచికను రోమనులిపిలోను, యూనికోడు తెలుఁగులోను రెండురీతుల నుంచుట మేలు. గ్రంథపాఠమును యూనికోడులో నుంచుటతోపాటు పుటల చిత్రములనుగూడ నుంచవలయును. చిత్రమునకు ఫాంటుతోఁ బనిలేదు గాన తెలుఁగు నెఱుఁగని పాతయంత్రమును దానిని జూపఁగలదు. పాతఫాంటున నున్న మూలఫైలును బాఱవేయక, ఆ ఫాంటును గూడ ప్రక్కననే నిలుపవలయును. యూనికోడులోనికి మార్చునపుడు దొరలిన తప్పులను సవరించుటకు మూలము కావలయును.

బిళ్ల పైయట్టమీఁద వ్రాసిన యుపకరణము, ఆపరేటింగు సిస్టము, కూర్పు, సంవత్సరము వ్రాయుట స్వల్పమైన పనియే. కాని ముందుతరమువాని కది లేఖకుని గద్యవంటిది. ప్రతి వ్రాయఁబడిన కాలమును, వ్రాసినవాని నెలవును దెలుపు గద్య యెంత యుపకారకమో తాళపత్రపరిష్కర్తలకుఁ జెప్పనక్కఱలేదు.

ఈ విచారమంతయుఁ దేల్చునది యొక్కటియే. చదువఁబడకుండుట నశించుట కాదు. కన్ను, ముగింపు, కూర్పు, నామము, లిపి యను నైదింటిలో నేదో యొకటి కుదురకుండుటయే పెక్కుబిళ్లల మౌనమునకుఁ గారణము. అది తెలిసినచో మాటాడించుటకు మార్గమును దెలియును. ఐనను ఆలస్యమునకుఁ దావు లేదు. శిల వేయేండ్లు వేచియుండఁగలదు. సీడీ-ఆర్ రంగుపొర యట్లు వేచియుండదు, దానిని జదువు డ్రైవులును నానాఁటికిఁ దఱుగుచున్నవి. కాఁబట్టి పాఠశాలలయందును, దేవాలయములయందును, పండితుల యిండ్లయందును మూలఁబడియున్న బిళ్లలను బాఱవేయుటకు ముందు నొక్కమాఱు ఈ యైదుమెట్టులలోఁ బరీక్షించి, తెఱవఁబడినవానికి వెంటనే రెండేసి ప్రతులు తీయించి వేఱువేఱు చోట్ల నిలుపుట భాషాసేవకులకు విహితము.